రెండు డ్రమ్ముల వివరణ: మత్తుమందు దొరకని ఒక ఎన్‌డీపీఎస్ కేసు

ఎన్‌డీపీఎస్ అంటే మత్తుమందుల మీద ఉన్న కేంద్ర చట్టం. దాని కింద పెట్టిన ఈ కేసులో ఒక్క గ్రాము మత్తుమందు కూడా దొరకలేదు. అయినా మా ముద్దాయి నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు, రెండున్నరేళ్లు వాయిదాలకు తిరిగాడు, చివరికి ఒక సెక్షన్ కింద శిక్ష కూడా పడింది. డిఫెన్స్ తరఫున మొదటి నుంచీ నేనే చూశాను. పేర్లు, ఊరు, కేసు నంబరు, దర్యాప్తు చేసిన ఏజెన్సీ వివరాలు తీసేశాను. జూనియర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, మందే లేనప్పుడు ఎన్‌డీపీఎస్ ఎలా వస్తుంది?" దానికి జవాబు ఈ ఫైల్లో ఉంది. నేను చేసిన ఒక పని నా క్లయింట్‌ని ఒకవైపు కాపాడి, ఇంకోవైపు పట్టించింది. అసలు రాయాలనుకున్నది దాని గురించే.

షెడ్‌లో ఏముంది

2020 డిసెంబర్. నగర శివారు పారిశ్రామికవాడలో మూతపడిన చిన్న ఫార్మా యూనిట్. ఏ-1 మా క్లయింట్. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి పన్నెండేళ్లు ప్రొడక్షన్‌లో పనిచేశాడు. లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయింది. ఆ షెడ్‌ని పదకొండు నెలల లీజుకి తీసుకుని జాబ్ వర్క్ మొదలుపెట్టాలనుకున్నాడు. ఏ-2 షెడ్ యజమాని, అరవై దాటిన పెద్దాయన. ఏ-3 డ్రమ్ములు అమ్మిన కెమికల్ ట్రేడర్. ఏ-4 అనేది మాకు చాలాకాలం ఒక ఫోన్ నంబర్ మాత్రమే. డబ్బు పెట్టేది అతనేనని ఆరోపణ.

మధ్యవర్తుల (సోదాకి సాక్షులుగా తెచ్చుకునేవాళ్ల) రిపోర్టులో రాసుకున్న సరుకు ఇది: 500 లీటర్ల గ్లాస్ లైన్డ్ రియాక్టర్ ఒకటి, సెంట్రిఫ్యూజ్ ఒకటి, ట్రే డ్రయర్, వాక్యూమ్ పంపు, టోలీన్, మెథనాల్ వగైరా సాల్వెంట్ డ్రమ్ములు తొమ్మిది, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ అని లేబుల్ ఉన్న డ్రమ్ములు రెండు. రియాక్టర్ అడుగున గోధుమ రంగు జిగురు. ఆ జిగురుని ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో చూస్తే రంగు మారిందట. "మెథాక్వాలోన్ అని ప్రాథమికంగా తేలినది" అని ఒక వాక్యం. మెథాక్వాలోన్ ఒక మత్తుమందు. కేసు బరువంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబెట్టారు.

రిమాండ్ రిపోర్టులో సెక్షన్లు వరసగా పేర్చారు: 8(సి), 9-ఏ, 22(సి), 25, 25-ఏ, 28, 29, 30. ఇన్ని సెక్షన్లు చూసి భయపడాల్సిన పనిలేదు, కానీ కలిపి చదవకూడదు. ఒక్కోదానికీ రుజువు చేయాల్సింది వేరు. ప్రాసిక్యూషన్ వాళ్లు అన్నిటినీ ఒకే కథగా చెబుతారు. విడదీయాల్సిన పని మనది.

విడదీస్తే

ముడిపదార్థాలు, పరికరాల విషయంలో ఎన్‌డీపీఎస్ చట్టం మూడు వేర్వేరు దారుల్లో పట్టుకుంటుంది.

మొదటిది జాబితా. మత్తుమందుల తయారీకి పనికొచ్చే కొన్ని రసాయనాలను కేంద్ర ప్రభుత్వం 'కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్' అని నోటిఫై చేస్తుంది. ఈ నిర్వచనం, దానితోపాటు 9-ఏ, 25-ఏ సెక్షన్లు 1985 నాటి అసలు చట్టంలో లేవు, 1989 సవరణతో వచ్చాయి. 1988 డిసెంబర్‌లో వియన్నాలో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఆర్టికల్ 12 ఇలాంటి రసాయనాల మీద నిఘా పెట్టమంటుంది. మన సవరణ వెనక ఉన్న ఆలోచన కూడా అదే. 9-ఏ కింద ఇప్పుడు నడుస్తున్నది 2013 నాటి నియంత్రణ ఉత్తర్వు. అందులో షెడ్యూల్-ఏ సరుకుని తయారుచేసినా, కొన్నా, అమ్మినా, దగ్గర ఉంచుకున్నా, వాడినా నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో ఇచ్చే యూనిక్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. కొనేవాడు దేనికి కొంటున్నాడో డిక్లరేషన్ ఇవ్వాలి. సరుకు కదిలితే దాని వెంట కన్‌సైన్‌మెంట్ నోట్ ఉండాలి. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, ఎఫెడ్రిన్, స్యూడోఎఫెడ్రిన్ షెడ్యూల్-ఏలో ఉన్నాయి. టోలీన్, మెథనాల్ అందులో లేవు. ఉత్తర్వుని ఉల్లంఘిస్తే 25-ఏ: పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా. కనీస శిక్ష లేదు. ఇక్కడ ఆ సరుకుతో నువ్వు మత్తుమందు చేయబోయావా లేదా అని ఎవరూ అడగరు. కాగితం ఉందా లేదా, అంతే.

రెండోది సెక్షన్ 54. ఇది నేరాన్ని సృష్టించే సెక్షన్ కాదు, నేరం జరిగిందని అనుకోవడానికి కోర్టుకి వీలిచ్చే సెక్షన్. నాలుగు రకాల వస్తువులు చెబుతుంది. అందులో మూడోది, మత్తుమందు తయారీకి ప్రత్యేకంగా రూపొందించిన పరికరం లేదా అందుకోసమే ప్రత్యేకంగా సమకూర్చుకున్న పాత్రల సముదాయం. నాలుగోది, ఆ తయారీ దిశగా ఏదో ఒక ప్రక్రియకి లోనైన పదార్థం, లేదా తయారయ్యాక మిగిలిన అవశేషం. ఇవి ఎందుకు ఉన్నాయో ముద్దాయి సంతృప్తికరంగా చెప్పలేకపోతే నేరం చేశాడని కోర్టు భావించవచ్చు. 'భావించవచ్చు' అన్న మాటని అండర్‌లైన్ చేసుకోండి. 'భావించాలి' అని లేదు.

మూడోది సెక్షన్ 30, అంటే సన్నాహం. మామూలు క్రిమినల్ చట్టంలో నేరానికి సిద్ధపడటం సాధారణంగా నేరం కాదు. బందిపోటు దోపిడీకి సన్నాహం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఎన్‌డీపీఎస్‌లో మాత్రం కమర్షియల్ పరిమాణానికి (చట్టం పెద్ద మొత్తంగా లెక్కించే బరువుకి) సంబంధించిన నేరానికి సిద్ధపడి, చేసి తీరాలన్న పట్టుదలతో ఉండి, తన చేతుల్లో లేని కారణాలవల్ల ఆగిపోతే అసలు నేరానికున్న శిక్షలో సగం. కమర్షియల్ పరిమాణానికి పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్లు కాబట్టి, సన్నాహానికి ఐదు నుంచి పది.

ఇప్పుడు షెడ్‌లోని సరుకుని ఈ మూడు దారుల్లో పెట్టి చూడండి. రెండు డ్రమ్ములు మొదటి దారి. రియాక్టర్, జిగురు రెండోది. మొత్తం షెడ్‌ని కలిపి చెప్పే కథ మూడోది. తొమ్మిది సాల్వెంట్ డ్రమ్ములు వాటంతట అవి ఏ దారిలోనూ లేవు. కానీ ఫొటోల్లో అవే పెద్దగా కనిపిస్తాయి.

ములాఖత్‌లో

రిమాండ్ అయిన ఐదో రోజున జైల్లో కలిశాను. మనిషి బాగా బెదిరిపోయి ఉన్నాడు, కానీ కెమిస్ట్ కదా, సరుకు గురించి అడిగితే మాత్రం గొంతు మామూలుగా వచ్చింది. రిపోర్టు కాపీ చేతికిచ్చి, "ఒక్కో ఐటం దగ్గర ఎక్కడ కొన్నావో, బిల్లుందో లేదో చెప్పు బాబూ" అన్నాను.

సాల్వెంట్లకి బిల్లులున్నాయి. రియాక్టర్, డ్రయర్ షెడ్‌తోపాటే వచ్చాయి, లీజు అగ్రిమెంట్ చివర షెడ్యూల్‌లో ఉన్నాయి. జిగురు? "అది పాత యూనిట్‌వాళ్లదే సార్. నేను ఇంకా ఒక్క బ్యాచ్ కూడా వేయలేదు. కరెంటు మీటరు చూడండి, రీడింగే చెబుతుంది."

మీటరు రీడింగ్ మాట నాకు తట్టలేదు. కేసులో మాకు బాగా పనికొచ్చిన ముక్కల్లో అదొకటి. లీజు మొదలైన దగ్గర్నుంచి వచ్చిన రెండు బిల్లుల్లోనూ దాదాపు మినిమమ్ చార్జీలే ఉన్నాయి. 500 లీటర్ల రియాక్టర్, వాక్యూమ్ పంపు, సెంట్రిఫ్యూజ్ నడిస్తే అలాంటి బిల్లు రాదు.

"మరి ఈ రెండు డ్రమ్ములు?"

కాసేపు మాట్లాడలేదు. "జాబ్ వర్క్ ఆర్డర్ ఒకటి మాట్లాడుకున్నాను సార్. ఒక ఇంటర్మీడియట్ రసాయనం. దానికి కావాలి. రిజిస్ట్రేషన్ నంబర్‌కి అప్లై చేద్దామనే అనుకున్నా. ట్రేడర్ పర్లేదు, తర్వాత ఇవ్వండి అన్నాడు."

ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ ఎక్కడపడితే అక్కడ వాడే రసాయనం. ఆస్పిరిన్‌కి అదే, పారాసిటమాల్‌కీ అదే. హెరాయిన్‌కి కూడా అదే కావడంతో ప్రపంచమంతా దాని మీద కన్నేసి ఉంచింది. ఫార్మాలో పన్నెండేళ్లు చేసినవాడికి ఈ సంగతి తెలియదంటే ఏ జడ్జీ నమ్మడు. 'తర్వాత ఇవ్వండి' అన్న ఆ ఒక్క మాట 25-ఏకి సరిపోతుందని అప్పుడే అర్థమైంది. అతనికి చెప్పలేదు. ఐదో రోజు ములాఖత్‌లో చెప్పాల్సిన మాట కాదది.

బెయిల్ లెక్కలు

25-ఏ ఒక్కటే అయితే బెయిల్ అంత కష్టం కాదు. సెక్షన్ 37 అడ్డంకి ఉన్నది 19, 24, 27-ఏ సెక్షన్లకీ, కమర్షియల్ పరిమాణపు నేరాలకీ. 2001 నోటిఫికేషన్‌లో డ్రగ్స్‌కి స్మాల్, కమర్షియల్ పరిమాణాలు చెప్పారు. మెథాక్వాలోన్‌కి అయితే స్మాల్ 20 గ్రాములు, కమర్షియల్ 500 గ్రాములు. కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్‌కి అలాంటి పరిమాణాల లెక్క లేదు. కాబట్టి 25-ఏకి 37 వర్తించదు. చార్జిషీట్ గడువు కూడా 180 రోజులు కాదు. శిక్ష 'పదేళ్ల వరకు' కనుక, 'పదేళ్లకు తక్కువ కాని' శిక్ష కిందికి రాదు. 2017లో రాకేశ్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ప్రకారం 60 రోజులే. (ఇది సీఆర్‌పీసీ 167 మాట. దాని స్థానంలో 2024 జూలై నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్ 187లో పదజాలం 'పదేళ్లు లేదా అంతకు మించి' అని మారింది. కొత్త కేసుల్లో ఈ వాదన అలాగే ఎత్తుకోకండి, ఆ మార్పు చదివి వెళ్లండి.)

ఏజెన్సీవాళ్లకీ ఇది తెలుసు. అందుకే కమర్షియల్ పరిమాణపు సైకోట్రోపిక్ మందుకి వర్తించే 22(సి). జిగురు తూకం కిలోకి పైగా వేశారు, ఫీల్డ్ కిట్ రంగు చూపించారు, కమర్షియల్ అన్నారు. 61వ రోజు డిఫాల్ట్ బెయిల్ (గడువులోగా చార్జిషీట్ రాకపోతే ఇచ్చే బెయిల్) పిటిషన్ వేశాను. వీగిపోతుందని తెలిసే వేశాను, రికార్డు కోసం. 22(సి) ఉన్నంతవరకు 36-ఏ(4) ప్రకారం గడువు 180 రోజులేనని స్పెషల్ కోర్టు కొట్టేసింది.

ఆ తర్వాత నాకు మిగిలిన ఏకైక పని ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు కోసం వెంటపడటం. మెమో మీద మెమో. 97వ రోజున వచ్చింది. జిగురులో చట్టం కిందకొచ్చే నార్కోటిక్, సైకోట్రోపిక్ పదార్థమేదీ లేదు. రెండు డ్రమ్ముల శాంపిళ్లు మాత్రం ఎసిటిక్ అన్‌హైడ్రైడే.

ఫీల్డ్ కిట్ రంగుని నమ్మి మనిషిని మూడు నెలలు లోపల పెట్టారన్నమాట. ఈ కిట్లు కనిపెట్టింది ఎక్కడ వెతకాలో తెలియడానికి. రిమాండ్ రిపోర్టులో వాటిని తుది తీర్పులా రాస్తారు. ఇది నా కోపం, లీగల్ పాయింట్ కాదు.

రిపోర్టు రాగానే ప్రాసిక్యూషన్ అటకమీంచి సెక్షన్ 30ని దింపింది. మందు లేకపోతేనేం, కమర్షియల్ పరిమాణం తయారీకి సన్నాహం కదా, కాబట్టి 37 అలాగే ఉంటుందని వాదన. హైకోర్టులో దీని మీదే గట్టిగా నడిచింది. పరిమాణం ఎలా లెక్కగట్టారని అడిగాం. రియాక్టర్ సామర్థ్యాన్ని బట్టి అన్నారు. 500 లీటర్ల బిందె ఉన్నంత మాత్రాన అందులో 500 లీటర్ల పాలున్నట్టా అన్నాను. సీనియర్ జడ్జీగారు నవ్వారు గానీ, ఆర్డర్లో మాత్రం గంభీరంగానే రాశారు: సామర్థ్యం వేరు, పరిమాణం వేరు, ఈ దశలో 37 వర్తిస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. 121వ రోజున బయటికొచ్చాడు.

ఏ-4 మీద ఉన్నదంతా దర్యాప్తు అధికారులు సెక్షన్ 67 కింద రాయించుకున్న వాంగ్మూలాలే. 2020 అక్టోబర్ 29న తూఫాన్ సింగ్ తీర్పు వచ్చింది, మా కేసు సరిగ్గా ఆ తర్వాతే. ఆ అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా పనికిరాదు. దాంతో 29 కింద కుట్ర కథ మొదట్లోనే కూలింది. దీని గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు.

సాక్షుల బోనులో

ఛార్జ్ 22(సి)తో కలిపి 28 (ప్రయత్నం), 30, ఇంకా 25-ఏ, 29 కింద ఫ్రేమ్ అయింది. ఏ-2 మీద సెక్షన్ 25. అంటే తెలిసి షెడ్ ఇచ్చాడని.

మధ్యవర్తి పీడబ్ల్యూ-2, అంటే ప్రాసిక్యూషన్ రెండో సాక్షి, ఒక ప్రభుత్వ శాఖలో జూనియర్ అసిస్టెంట్. చీఫ్‌లో, అంటే ప్రాసిక్యూటర్ అడిగినప్పుడు, రిపోర్టంతా అప్పజెప్పాడు. క్రాస్‌లో నేను ఎక్కువ అడగలేదు.

"ఆ రెండు డ్రమ్ములు మీ ముందే తెరిచారా?"

"తెరిచారండి."

"షెడ్ తలుపులు, కిటికీలు?"

"వేసే ఉన్నాయండి."

"మాస్కులు, గ్లవ్స్ ఎవరైనా వేసుకున్నారా?"

"లేదండి." ఆగి, "కోవిడ్ మాస్కులున్నాయండి."

"ఏదైనా వాసన వచ్చిందా? కళ్లు మండాయా?"

"ఏ వాసనా రాలేదండి."

ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ మూత తీస్తే వెనిగర్‌ని పదింతలు చేసినట్టు ఘాటు వస్తుంది, ముక్కు, కళ్లు మండిపోతాయి. మూసిన షెడ్‌లో అది తెలియకుండా శాంపిల్ తీయడం కుదరదు. తర్వాత బోనెక్కిన ఎఫ్‌ఎస్‌ఎల్ నిపుణుడిని మొదటి ప్రశ్నగా ఆ రసాయనం వాసన గురించే అడిగాను. చెప్పాల్సింది చెప్పాడు. మధ్యవర్తి ఎక్కడో సంతకం పెట్టాడు, షెడ్‌లో మాత్రం కాదు.

అదే నిపుణుడి దగ్గర ఇంకో రెండు జవాబులు వచ్చాయి. షెడ్‌లో దొరికిన పదార్థాలతో మెథాక్వాలోన్ తయారు చేయడం కుదరదు, అందుకు కావలసినవన్నీ అక్కడ లేవు. రియాక్టర్, సెంట్రిఫ్యూజ్, డ్రయర్ ఏ చిన్న ఫార్మా యూనిట్‌లో అయినా ఉండేవే. రెండో జవాబుతో సెక్షన్ 54లోని 'ప్రత్యేకంగా రూపొందించిన' అన్న మాట పోయింది. దర్యాప్తు అధికారిని కూడా అదే అడిగాను: ఈ రియాక్టర్‌లో మత్తుమందు తప్ప ఇంకేదీ చేయలేరా? "చేయవచ్చు" అన్నాడు. నిజాయతీగా చెప్పాడు, ఆ ఒక్క విషయంలో ఆయన మీద నాకు గౌరవం ఉంది.

నేను ఓడిపోయిన పాయింట్లు కూడా చెప్పాలి. రిపోర్టులో షెడ్‌లోకి ప్రవేశించిన టైమ్ సాయంత్రం 5.15 అని ఉంది. కానీ వాళ్ల ఫొటోల్లో మొదటిది 6.52కి తీసింది. డిసెంబర్‌లో అప్పటికి సూర్యాస్తమయం అయిపోయి గంట. సెక్షన్ 42 ప్రకారం అస్తమయం తర్వాత సోదా చేయాలంటే కారణాలు రాసుకోవాలి, వీళ్లు రాసుకోలేదు. గొప్ప పాయింట్ అనుకున్నాను. కానీ టీమ్‌కి స్వయంగా ఒక గెజిటెడ్ అధికారి నాయకత్వం వహించాడు. అలాంటప్పుడు సెక్షన్ 41 కింద వచ్చే అధికారం వేరని 2003 నాటి ఎం. ప్రభులాల్ తీర్పు చూపించి ప్రాసిక్యూటర్ నా పాయింట్‌ని రెండు నిమిషాల్లో ముగించారు. శాంపిళ్లు మేజిస్ట్రేట్ ముందు తీయలేదన్న 52-ఏ వాదన, మోహన్‌లాల్ తీర్పుతో సహా పెట్టాను. జడ్జీగారు దాన్ని లోపమే అన్నారు గానీ డ్రమ్ముల విషయంలో వేరే సాక్ష్యం ఉందన్నారు.

ఆ వేరే సాక్ష్యం ఇచ్చింది నేనే.

మేమే మార్క్ చేసిన కాగితం

ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక, డిఫెన్స్ తరఫున ఏం పెట్టాలన్నది నా ముందున్న ప్రశ్న. రెండు దారులున్నాయి.

ఏమీ పెట్టకుండా కూర్చోవచ్చు. 2008లో నూర్ ఆగా తీర్పు 35 (దురుద్దేశం ఉన్నట్టు భావించడం), 54 సెక్షన్లు రాజ్యాంగబద్ధమేనంటూనే, ముందు ప్రాసిక్యూషన్ మూల వాస్తవాలు రుజువు చేయాలి, ఆ తర్వాతే భారం ముద్దాయి మీదికి మారుతుందని చెప్పింది. వాసన తెలియని మధ్యవర్తితో ఆ మూల వాస్తవాలే కదులుతున్నాయి. మౌనంగా ఉంటే డ్రమ్ములు అక్కడ దొరికాయన్నదే అనుమానంలో పడుతుంది, 25-ఏ కూడా ఎగిరిపోవచ్చు.

లేదా వివరణ ఇవ్వవచ్చు. లీజు అగ్రిమెంట్, కరెంటు బిల్లులు, జాబ్ వర్క్ ఒప్పందం, డ్రమ్ముల ఇన్‌వాయిస్. ఇవన్నీ కలిపితే ఒక మామూలు చిన్న పరిశ్రమ బొమ్మ వస్తుంది. సన్నాహం కథ దాని ముందు నిలవదు. కానీ ఆ ఇన్‌వాయిస్ మా చేత్తో మేం పెట్టగానే, రెండు డ్రమ్ములూ మావేనని ఒప్పుకున్నట్టే. పైగా ఆ ఇన్‌వాయిస్‌లో కొనుగోలుదారు రిజిస్ట్రేషన్ నంబర్ రాయాల్సిన గడిలో ట్రేడర్ పెన్నుతో ఒక అడ్డగీత గీసి వదిలేశాడు. ఆ గీతని నేను చాలాసార్లు చూశాను.

సరుకు ఎందుకు ఉందో చెబితే 54, 30 నుంచి బయటపడతాం. ఉందని చెప్పినందుకు 25-ఏలో పడతాం. ఈ చట్టంలో ముడిపదార్థాల కేసుల నడుమ ఉన్న ముడి ఇదే. మత్తుమందు కేసుల్లో 'నా దగ్గర లేదు' అనేది ఒకే జవాబు, అన్ని సెక్షన్లకీ సరిపోతుంది. ఇక్కడ అలా కాదు. ఒక సెక్షన్‌కి మంచి జవాబు ఇంకో సెక్షన్‌కి ఒప్పుకోలు.

క్లయింట్‌నీ వాళ్ల నాన్నగారినీ ఆఫీసుకి పిలిపించి లెక్క చెప్పాను. ఒకవైపు కనీసం ఐదేళ్లున్న సెక్షన్, ఇంకోవైపు కనీస శిక్ష లేని సెక్షన్. మౌనంగా ఉంటే రెండూ పోవచ్చు, రెండూ ఉండిపోవచ్చు కూడా. నాన్నగారు అంతా విని, "లాయర్‌గారూ, వాడు మందు చేసేవాడు అనిపించుకోకూడదండీ. మిగతాది ఏదైనా భరిస్తాం" అన్నారు. కొడుకు ఏమీ అనలేదు, తలూపాడు.

నిర్ణయం వాళ్లదే అయినా, నేను ఏ వైపు మొగ్గు చూపిస్తూ చెప్పానో నాకు తెలుసు. ఆ నాలుగు కాగితాలనీ డిఫెన్స్ పత్రాలుగా డీ-1 నుంచి డీ-4 వరకు మార్క్ చేశాం. కోర్టు ముద్దాయిని ప్రశ్నించినప్పుడు ఇచ్చే 313 స్టేట్‌మెంట్‌లో కూడా అదే రాతపూర్వకంగా ఇచ్చాం.

వాదనలు

సన్నాహం, ప్రయత్నం మధ్య గీత గురించి నేను పాత వడ్ల లారీ కేసు చదివాను. మల్కియత్ సింగ్, ఏఐఆర్ 1970 ఎస్‌సీ 713. పంజాబ్ నుంచి పర్మిట్ లేకుండా ఢిల్లీకి వడ్లు తీసుకెళ్తున్న లారీని సరిహద్దు దాటకముందే ఆపారు. వెనక్కి తిరిగే అవకాశం ఇంకా ఉంది కాబట్టి అది సన్నాహమే, ప్రయత్నం కాదన్నారు. మా షెడ్‌లో లారీ ఇంకా స్టార్ట్ కూడా కాలేదు. దాంతో 28 పోయింది. ఇక 30కి 'చేసి తీరాలన్న పట్టుదల' పరిస్థితుల నుంచి తెలియాలి. రియాక్టర్‌కి ఆవిరి ఇవ్వలేదు, కావలసిన సరుకే లేదు, కరెంటు బిల్లు మినిమమ్. దేని సన్నాహం ఇది?

ప్రాసిక్యూటర్ సెక్షన్ 35 చదివారు, దురుద్దేశం ఉన్నట్టే కోర్టు భావించాలని. నిజమే, అక్కడ 'భావించాలి' అనే ఉంది. కానీ ఆ సెక్షన్ భావించమనేది మనసు గురించి. మందు తయారీకి చేసిన ఏర్పాట్లను ముందు ప్రాసిక్యూషనే చూపించాలి.

2023లో తీర్పు వచ్చింది. 22(సి), 28, 30, 29 కింద అందరూ నిర్దోషులు. ఏ-2 మీద సెక్షన్ 25 నిలవలేదు, ఎందుకంటే తెలిసి ఇచ్చాడన్నదానికి ఏమీ లేదు. ఏ-1, ఏ-3 మీద 25-ఏ రుజువైంది. తీర్పులో నా ఇన్‌వాయిస్ గురించి రెండు పేజీలున్నాయి. జడ్జీగారు అన్న మాట సుమారుగా ఇది: ఎందుకు కొన్నాడో చెప్పిన వివరణ నమ్మదగ్గదే, కానీ ఎందుకు కొన్నాడన్నది ఉత్తర్వు అడిగే ప్రశ్న కాదు.

శిక్ష మీద విన్నప్పుడు ప్రొబేషన్ అడిగే వీలే లేకపోయింది. సెక్షన్ 33 దాన్ని పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకి, 26, 27 సెక్షన్ల నేరాలకి మాత్రమే ఉంచింది. ఏ-1కి ఏడాది కఠిన కారాగారం, ఇరవై వేలు జరిమానా. ట్రేడర్‌కి రెండేళ్లు. రిజిస్ట్రేషన్ ఉండి కూడా లేనివాడికి అమ్మాడు కాబట్టి తేడా న్యాయమే అనిపించింది. జైల్లో ఉన్న 121 రోజులు మినహాయింపు. అప్పీల్లో శిక్ష సస్పెండ్ చేయమంటే ప్రాసిక్యూషన్ శిక్ష సస్పెండ్ చేయకూడదనే 32-ఏ ఎత్తింది. 2000లో దాదూ తీర్పు అప్పీల్ కోర్టు చేతులు కట్టేయడం కుదరదని ఎప్పుడో చెప్పింది. 25-ఏకి 37 అడ్డు కూడా లేదు. సస్పెండ్ అయింది. అప్పీల్ ఇంకా నంబర్ల వరసలో ఉంది.

మౌనంగా ఉండి ఉంటే ఆ ఏడాది కూడా పడేది కాదేమో. ఈ ప్రశ్న నాకు అప్పుడప్పుడూ వస్తుంది. తీర్పులో మధ్యవర్తి వాసన సంగతి చదివినప్పుడల్లా మరీ వస్తుంది. కానీ మౌనంగా ఉన్న ఫైల్లో లీజు లేదు, మీటరు లేదు, జాబ్ వర్క్ లేదు. షెడ్, డ్రమ్ములు, జిగురు, పరారీలో ఉన్న ఏ-4 మాత్రమే ఉంటాయి. అలాంటి ఫైల్ మీద ఏ జడ్జీ ఏమనుకుంటారో నేను చెప్పలేను. మళ్లీ ఇలాంటి కేసే వస్తే డ్రమ్ముల ఇన్‌వాయిస్ ఒక్కటి పక్కన పెట్టి, మిగతా మూడూ పెట్టి చూస్తానేమో.

క్లయింట్ ఇప్పుడు ఒక కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేస్తున్నాడు. రెండు డ్రమ్ములు సెక్షన్ 60 కింద జప్తు అయ్యాయి. రియాక్టర్, సెంట్రిఫ్యూజ్ అప్పీల్ గడువు ముగిశాక యజమానికి ఇవ్వమన్నారు, కానీ అప్పీల్ పెండింగ్‌లో ఉంది కనుక ఎవరూ కదిలించడం లేదు. షెడ్ పెద్దాయన నెలకోసారి ఫోన్ చేస్తారు. "సార్, గ్లాస్ లైనింగ్ పాడైపోతుందండీ, కనీసం కవరైనా కప్పనిస్తారేమో అడగండి" అని. దాని కోసం పిటిషన్ వేశాను, వచ్చే నెల వాయిదా.